రోజుకు ఒక్కటే అనే బేరం

స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని పలకరించి చూడండి. "సిగరెట్టా? మానేశానండీ" అంటాడు. అబద్ధమేమీ చెప్పడం లేదు. ఆసుపత్రిలో ఉన్న నాలుగైదు రోజులూ ముట్టుకోలేదు. ఆ రాత్రి ఛాతీలో వచ్చిన నొప్పి ఇంకా మరుపుకు రాలేదు. భార్యాపిల్లలు కళ్ళలో వత్తులు వేసుకుని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ వారం మానడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా తరవాత వస్తుంది. కాస్త నడవగలుగుతాడు, ఆకలి కుదుటపడుతుంది, ఆఫీసుకో కొట్టుకో పొలానికో పోతుంటాడు. అప్పుడు లోలోపల ఒక బేరం మొదలవుతుంది. "ఇదివరకు రోజుకో పెట్టె ఊదేసేవాణ్ణి. ఇప్పుడు రాత్రి భోజనం తరవాత ఒక్కటి. ఒక్కదానికి ఏమవుతుంది?" ఇంకొన్నాళ్ళకు, "సిగరెట్ ఎలాగూ వద్దన్నారు, మా అల్లుడి దగ్గరున్న ఆ వేప్‌లో అసలు పొగే ఉండదట కదా" అనిపిస్తుంది.

గుండెజబ్బు వచ్చాక పొగ మానలేకపోయిన వాళ్ళలో నేను గమనించిందల్లా ఈ బేరమే. వాళ్ళకు ప్రాణం మీద తీపి లేక కాదు, పట్టుదల లేకా కాదు. యూరప్ దేశాల్లో గుండె రోగులను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన యూరోఆస్పైర్ సర్వేల్లో తేలిందేమిటంటే, గుండెపోటు వచ్చేనాటికి పొగ తాగుతున్నవాళ్ళలో సుమారు సగం మంది, కొన్ని నెలల తరవాత వెళ్ళి అడిగినా తాగుతూనే ఉన్నారు. చదువు, వైద్యం, డబ్బు అన్నీ ఉన్న దేశాల్లోనే ఈ సంగతి. కాబట్టి మీకో, మీ ఇంట్లోవాళ్ళకో ఇది జరుగుతుంటే సిగ్గుపడి దాచుకోకండి. బేరం ఎక్కడ తప్పుతోందో చూద్దాం రండి.

ఒక్కటైతే సగం

మన లెక్క ఇలా ఉంటుంది: ఇరవై సిగరెట్లు ఒకటయ్యాయంటే ముప్పు కూడా ఇరవయ్యో వంతుకు దిగిపోవాలి. వినడానికి న్యాయంగానే ఉంది. గుండె విషయంలో మాత్రం ఇది నిజం కాదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లండన్ పరిశోధకులు ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి ఒక వ్యాసం రాశారు. రోజుకు ఇరవై కాల్చేవాళ్ళకు గుండెజబ్బు ముప్పు ఎంత అదనంగా ఉంటుందో, రోజుకు ఒక్కటి కాల్చేవాళ్ళకు అందులో దాదాపు సగం ఉంటుందని తేల్చారు. ఇరవయ్యో వంతు ఎక్కడ, సగం ఎక్కడ! ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు సంఖ్యతో పాటే ముప్పు పెరుగుతూ పోతుంది, అక్కడ తగ్గించినకొద్దీ కొంత ఫలితం ఉండవచ్చు. గుండెకు మొదటి సిగరెట్టే ఎక్కువ చెరుపు చేసేస్తుంది.

ఎందుకలా అంటే, రక్తంలో ప్లేట్‌లెట్లు అనే సన్నని కణాలుంటాయి. గాయమైనప్పుడు ఒకదానికొకటి అతుక్కుని రక్తం గడ్డకట్టించడం వాటి పని. పొగ లోపలికి వెళ్ళిన కాసేపటికే అవి గాయం లేకపోయినా అతుక్కోవడానికి సిద్ధమవుతాయి. దీనికి పెద్ద మోతాదు అక్కర్లేదు. రక్తనాళం లోపలి పొర మెత్తగా ఉంటూ, అవసరమైనప్పుడు నాళాన్ని వెడల్పు చేస్తుంటుంది. పొగ తగలగానే ఆ పొర తన పని సరిగ్గా చేయలేదు, నాళం బిగుసుకుంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అంటే నికోటిన్ వల్ల గుండె వేగం పెరిగి ఎక్కువ ఆక్సిజన్ కావలసిన సమయంలోనే అందేది తగ్గుతుంది.

ఇప్పుడు మీ మాత్రల డబ్బా తెరిచి చూడండి. ఆస్ప్రిన్ ఉంటుంది, క్లోపిడోగ్రెలో టికాగ్రెలరో ఉంటుంది. ఆ రెండూ ఉన్నది ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చూడడానికి, మీకు వేసిన స్టెంట్‌లో గడ్డ చేరకుండా కాపాడడానికి. పొద్దున ఆ మాత్ర మింగి రాత్రి ఒక సిగరెట్ అంటించడమంటే ఒకే రోజులో రెండు వ్యతిరేక మందులు వేసుకోవడం. బైపాస్ అయినవాళ్ళకూ ఇంతే. కాలి నుంచి తీసి గుండెకు కుట్టిన రక్తనాళం పొగ తాగేవాళ్ళలో తొందరగా పూడుకుపోతుంది. సర్జన్ చేసిన అంత పనీ వృథా అయ్యేది ఇలాగే.

మానితే దక్కేదేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే భయం ఒక్కటే మనిషిని ఎక్కువ దూరం నడిపించదు. 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో క్రిచ్లీ, కేప్‌వెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇరవై అధ్యయనాలను సమీక్షించారు. గుండెజబ్బు వచ్చాక పొగ మానినవాళ్ళలో, మాననివాళ్ళతో పోలిస్తే మరణాలు 36 శాతం తక్కువ. గుండె రోగికి రాసే కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర, ఆస్ప్రిన్ ఇవేవీ తక్కువవి కావు, అన్నీ వేసుకోవలసిందే. కానీ వాటిలో ఏ ఒక్కదాని పక్కన పెట్టినా పొగ మానడం తీసిపోదు. పైగా ఫలితానికి ఏళ్ళు ఆగనక్కర్లేదు. కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో రక్తం నుంచి పోతుంది. ప్లేట్‌లెట్ల జిగురు కొద్ది వారాల్లో తగ్గుతుంది. "ఇన్నేళ్ళు కాల్చాను, జరగాల్సిన నష్టం జరిగిపోయింది, ఇప్పుడు మాని ఏం లాభం" అనే మాట చాలామంది నోట వింటాను. గుండె విషయంలో ఆ మాట పూర్తిగా తప్పు. ఇప్పుడు మానితేనే లాభం ఎక్కువ, ఎందుకంటే ఇప్పుడు మీ ముప్పే ఎక్కువ.

బీడీకి మారడం కూడా ఇలాంటి బేరమే. ఆకుతో చుట్టింది కాబట్టి ఒంటికి పడుతుందనుకుంటారు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం బీడీని విడిగా చూసింది. సిగరెట్ లాగే బీడీ కూడా గుండెపోటు ముప్పును దాదాపు మూడింతలు చేస్తోందని తేలింది. నమిలే పొగాకు రెండింతలకు పైగా పెంచుతోంది, కాబట్టి ఖైనీ, జర్దా కిళ్ళీ తప్పించుకునే దారులు కావు. మన దేశంలో 2016-17లో జరిగిన గ్యాట్స్ సర్వే ప్రకారం సిగరెట్ తాగేవాళ్ళు పెద్దల్లో 4 శాతమైతే బీడీ తాగేవాళ్ళు 7.7 శాతం. అయినా గుండెజబ్బు గురించి మాట్లాడేటప్పుడు మన నోటికి సిగరెట్ మాటే వస్తుంది.

ఇక్కడే ఇంకొకరిని తలచుకోవాలి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే పెద్ద వయసు ఆడవాళ్ళున్నారు. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అంగిలికి వచ్చే జబ్బుల గురించి డాక్టర్లు వాళ్ళతో ఎప్పటి నుంచో మాట్లాడుతున్నారు. గుండె నొప్పితో వచ్చినప్పుడు మాత్రం "అమ్మా, చుట్ట తాగుతావా?" అని అడిగేవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళు తాగరులే అనుకుంటారు. మీ ఇంట్లో అలాంటి అమ్మమ్మో నాయనమ్మో ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

పొగ లేనిది, నికోటిన్ ఉన్నది

ఇక వేప్, అంటే ఈ-సిగరెట్ సంగతి. దీని మీద రెండు వైపుల నుంచీ అతిగా మాట్లాడేవాళ్ళున్నారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఇప్పుడు మనం చూస్తున్న ఈ-సిగరెట్‌కు రూపమిచ్చింది చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు, 2003 ప్రాంతంలో. తానూ విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు, తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. అంటే అది పుట్టింది సిగరెట్‌కు బదులుగానే. లోపల ఒక బ్యాటరీ, వేడెక్కే ఒక తీగచుట్ట, ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచికోసం వాసన ద్రవ్యాలు కలిపిన ద్రవం ఉంటాయి. ఏదీ కాలదు కాబట్టి తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు. ఇందులో దాచవలసిందేమీ లేదు. స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం 2019లో వెలువరించిన అధ్యయనంలో, సిగరెట్ పూర్తిగా వదిలి వేప్‌కు మారినవాళ్ళ రక్తనాళాల పనితీరు నెల రోజుల్లోనే మెరుగుపడింది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ సిగరెట్ మానడానికి వేప్‌ను ఒక సాధనంగా సూచిస్తోంది కూడా.

ఇంతవరకు విని మీ అల్లుడు "చూశారా మామయ్యా" అంటాడు. మిగతా సగం కూడా వినమనండి.

బ్రిటన్‌లోనే జరిగిన ఇంకో పరీక్ష 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. వేప్ ఇచ్చినవాళ్ళలో 18 శాతం ఏడాది తరవాత సిగరెట్ లేకుండా ఉన్నారు. నికోటిన్ గమ్, ప్యాచ్ వంటివి ఇచ్చినవాళ్ళలో దాదాపు 10 శాతం ఉన్నారు. వేప్ గెలిచినట్టే. అయితే అలా సిగరెట్ మానినవాళ్ళను మళ్ళీ అడిగితే, వేప్ బృందంలో 80 శాతం మంది ఏడాది తరవాత కూడా వేప్ వాడుతూనే ఉన్నారు. గమ్, ప్యాచ్ బృందంలో ఇంకా వాటిని వాడుతున్నవాళ్ళు 9 శాతమే. సిగరెట్ పోయింది, అలవాటు ఉండిపోయింది. నికోటిన్ లోపలికి వెళ్ళిన ప్రతిసారీ అడ్రినలిన్ పెరిగి, గుండె వేగం, రక్తపోటు పైకి లేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ కుర్రాడి గుండె దాన్ని తట్టుకోవచ్చు. ఒక కండర భాగం ఇప్పటికే దెబ్బతిన్న గుండె, లయ తప్పే అవకాశమున్న గుండె, బీటా బ్లాకర్ మాత్రతో వేగం తగ్గించి కాపాడుతున్న గుండె దాన్ని ఎందుకు భరించాలి? ఆవిరి అంటున్నదాంట్లో అతి సన్నని రేణువులు, వేడికి పుట్టే అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్, తీగ నుంచి వచ్చే లోహపు జాడలు కూడా ఉంటాయి. సిగరెట్ కంటే తక్కువే. గాలి కంటే మాత్రం చాలా ఎక్కువ.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. వేప్ పట్టినవాళ్ళలో చాలామంది సిగరెట్ వదలరు. ఇంట్లో, కారులో, ఆఫీసు బాత్రూములో వేప్. టీ కొట్టు దగ్గర సిగరెట్. అమెరికాలో ఏళ్ళ తరబడి వేలమందిని గమనించిన పాత్ అధ్యయనం ప్రకారం ఇలా రెండూ వాడేవాళ్ళ గుండెజబ్బు ముప్పు, సిగరెట్ మాత్రమే కాల్చేవాళ్ళ ముప్పు కంటే ఏమీ తగ్గలేదు. పైన చెప్పిన ఒక్క సిగరెట్ లెక్క గుర్తుంటే ఇందులో ఆశ్చర్యం లేదు.

మన దేశంలో ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో, డిసెంబరులో చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధించారు. అమ్మితే మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా హైదరాబాద్, విజయవాడల్లో దొరుకుతూనే ఉన్నాయి. అలా దొరికేదంతా దొంగదారిన వచ్చినదే. బ్రిటన్‌లో ద్రవంలో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదనే నియమం ఉంది, తనిఖీ ఉంది. ఇక్కడ డబ్బా మీద ఏం రాశారో, లోపల ఏముందో పోల్చి చూసే అధికారి ఎవరూ లేరు. 2019లో అమెరికాలో వేప్ వాడినవాళ్ళకు ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల్లో చేరారు, 68 మంది చనిపోయారు. చివరకు దోషిగా తేలింది ప్రధానంగా దొంగచాటు గంజాయి ద్రవాల్లో కల్తీ చేసిన విటమిన్ ఈ ఎసిటేట్. తనిఖీ లేని ద్రవంలో ఎవరు ఏం కలిపారో ప్రాణం మీదికి వచ్చేదాకా తెలియలేదు. కాబట్టి బ్రిటన్ డాక్టర్లు చెప్పే మాటను ఇక్కడి పాన్ డబ్బా సరుకుకు అన్వయించుకోకండి. అమెరికా నుంచో లండన్ నుంచో వచ్చే అబ్బాయిని తెమ్మనకండి కూడా. సూట్‌కేసులో తెచ్చినా నిషేధమే.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. గుండెపోటు తరవాత అక్కడి డాక్టరు సలహాతో సిగరెట్ పూర్తిగా వదిలి వేప్ మీద ఉంటే, ఇది చదివి కంగారుపడి మళ్ళీ సిగరెట్‌కు వెళ్ళకండి. అది అన్నిటికంటే చెడ్డ మార్గం. నికోటిన్ మోతాదు మెల్లగా దించుకుంటూ వేప్ కూడా మానే తేదీని డాక్టరుతో కలిసి నిర్ణయించుకోండి. రెండూ వాడుతుంటే ముందు సిగరెట్‌ను ఈ రోజే ఆపండి.

దీక్షలో ఎలా వీలైంది?

పొగ మానడం మన ఊళ్ళలో ఎవరికీ చేతకాని విద్య కాదు. కార్తీకం రాగానే నల్లబట్టలు కట్టి అయ్యప్ప మాల వేసుకునేవాళ్ళను చూడండి. ఇరవై ఏళ్ళుగా రోజుకో పెట్టె కాల్చే మనిషి, మాల మెడలో పడిన పొద్దుటి నుంచి మండలం రోజులు, అంటే 41 రోజులు, పొగ జోలికి పోడు. గమ్ లేదు, ప్యాచ్ లేదు, కౌన్సెలింగ్ లేదు. కొండకు వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రమే మళ్ళీ అంటిస్తాడు. రంజాన్ ఉపవాసం ఉండే అన్నలూ తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా నెల రోజులు అలాగే ఉంటారు.

దీన్ని నేను చిన్న విషయంగా చూడను. నికోటిన్ మానినప్పుడు ఒంట్లో వచ్చే బాధ, అంటే చికాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం, మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ఎక్కువగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు పోతుంది. 41 రోజులు నిలిచిన మనిషి ఆ దశ దాటేశాడు. మాల తీసిన రోజు అంటించేది ఒళ్ళు అడిగి కాదు. ఆ రోజు కాల్చవచ్చని ముందే మనసులో వాయిదా వేసి పెట్టుకున్నాడు, ఆ వాయిదా వచ్చింది.

ఇజ్రాయెల్‌లో ర్యూవెన్ దార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ సంగతిని చక్కగా పట్టుకుంది. పొగ తాగే విమాన సిబ్బందిని రెండు ప్రయాణాల్లో గమనించారు. ఒకటి యూరప్‌కు కొద్ది గంటల ప్రయాణం, ఇంకొకటి న్యూయార్క్‌కు పది గంటలకు పైబడిన ప్రయాణం. పొగ తాగాలన్న కోరిక ఆఖరి సిగరెట్ తాగి ఎన్ని గంటలైందన్న దాన్ని బట్టి పెరగలేదు. విమానం దిగడానికి ఎంతసేపుందన్న దాన్ని బట్టి పెరిగింది. చిన్న ప్రయాణం ముగింపులో ఉన్నవాళ్ళకు, అంతే సమయం గడిచినా ఇంకా సముద్రం మీదే ఉన్నవాళ్ళ కంటే కోరిక చాలా ఎక్కువ. దొరుకుతుందన్న ఆశే కోరికను రేపుతోంది.

దీక్షలో ఉన్న స్వామికి టీ కొట్టు దగ్గర ఎవరూ పెట్టె చాపరు. తానూ "ఈ ఒక్కటి" అని లోపల వాదించుకోడు. ప్రశ్న ముగిసిపోయింది కాబట్టి కోరికకు నిలబడే చోటు దొరకదు. రోజుకు ఒక్కటి అని ఒప్పుకున్న గుండె రోగి పరిస్థితి సరిగ్గా దీనికి ఎదురు. రాత్రి తొమ్మిదింటి సిగరెట్ కోసం అతను పొద్దున తొమ్మిదింటి నుంచీ ఎదురుచూస్తుంటాడు. ఒక్కటే తాగుతున్నాడు, రోజంతా బాధపడుతున్నాడు. తగ్గించుకోవడం తేలికైన దారి అనుకుంటాం, ఆ మనిషిని అడిగితే అదే కష్టమైన దారి అని చెబుతాడు.

మీ విషయంలో ఇంకో మంచి సంగతి ఉంది. ఆ కఠినమైన మొదటి మూడు రోజులు ఐసీయూలో మానిటర్ల మధ్య ఎప్పుడో గడిచిపోయాయి. డిశ్చార్జి అయ్యేనాటికి మీరు ఆ గట్టు దాటి వచ్చారు. ఇప్పుడు ఒకటి అంటిస్తే ఆ మూడు రోజులూ మళ్ళీ మొదటి నుంచి పడాలి.

ఇంటికొచ్చాక

మీరు ఇంటికి చేరేలోపే ఇంట్లోవాళ్ళ చేత వెతికించండి. చొక్కా జేబులు, బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు, కొట్టు గల్లాపెట్టె, పూజగదిలో ఉండవలసింది తప్ప మిగతా అగ్గిపెట్టెలు, లైటర్లు, యాష్‌ట్రే అన్నీ పోవాలి. టీ తాగే చోటు మార్చండి. పక్కనే పాన్ డబ్బా లేని కొట్టు వెతుక్కోండి. రోజూ కలిసి దమ్ము కొట్టే ఇద్దరు ముగ్గురు స్నేహితులకు ముందే ఫోన్ చేసి, "గుండె ఆపరేషన్ అయింది, ఇక నాకు ఇవ్వకండి, నేను అడిగినా ఇవ్వకండి" అని చెప్పండి. మొహమాటపడకండి. ఆ మాట చెప్పాక వాళ్ళలో ఒకరు కూడా మానిన సందర్భాలున్నాయి.

మందుల సాయం తీసుకోవడానికి వెనకాడకండి. "నికోటిన్ గుండెకు చెడ్డదంటూ మళ్ళీ నికోటిన్ గమ్మే రాస్తారేమిటి?" అని చాలామంది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. గమ్, ప్యాచ్‌ల నుంచి నికోటిన్ నెమ్మదిగా, తక్కువగా వస్తుంది, దానితో పొగ ఉండదు, కొన్ని వారాల్లో ఆపేస్తారు. 1996లో అమెరికాలో 584 మంది గుండె రోగులకు ప్యాచ్‌లు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి ప్యాచ్ పెట్టినవాళ్ళ కంటే గుండె ఇబ్బందులు ఎక్కువ కాలేదు. గుండెపోటు వచ్చి రెండు వారాలు కాకపోయినా, గుండె లయ తప్పుతున్నా, నొప్పి ఇంకా వస్తున్నా మాత్రం సొంతంగా కొనుక్కోకుండా మీ కార్డియాలజిస్టును అడిగే వాడండి. గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే కడుపులో తిప్పుతుంది, ఫలితమూ ఉండదు. కొద్దిగా నమిలి, మిరియపు ఘాటు తగలగానే చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టి వదిలేయాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. అరగంట అలా సాగుతుంది. దానికి పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ తాగకూడదు.

డాక్టరు రాసే మాత్రల్లో వరెనిక్లిన్ బాగా పనిచేస్తుంది. 2016లో వచ్చిన ఎవిటా అనే పరీక్షలో గుండెపోటుతో చేరిన రోగులకే దీన్ని ఇచ్చారు. ఆరు నెలలకు దాదాపు 47 శాతం మంది పొగకు దూరంగా ఉన్నారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో అది 33 శాతం. కొందరికి వికారం, విచిత్రమైన కలలు వస్తాయి. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి, కాబట్టి ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

కాఫీ, టీ గురించి ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పొగ తాగేవాళ్ళ కాలేయం కెఫీన్‌ను చాలా వేగంగా కరిగించేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది. అదే నాలుగు కప్పులు తాగినా ఒంట్లో నిలిచే కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేమి వస్తాయి. పాపం ఆ మనిషి "సిగరెట్ మానినందుకే ఇదంతా, ఒక్కటి తాగితే సర్దుకుంటుంది" అనుకుంటాడు. మానిన రోజు నుంచే కాఫీ, టీలను సగానికి దించండి.

పొద్దుటిపూట ఇబ్బంది గురించి మగవాళ్ళు డాక్టరు దగ్గర నోరు విప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. "దమ్ము లేనిదే మోషన్ రాదండీ" అనేది నిజమే. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానితే కొన్ని వారాలు మలబద్ధకం ఉంటుంది. గుండె రోగి ముక్కకూడదు కూడా. రాత్రి ఇసబ్‌గోల్, పొద్దున గోరువెచ్చని నీళ్ళు, అన్నంలో ఆకుకూరలు, పప్పు పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. గుండె నీరసంగా ఉండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు మాత్రం ఆ కొలత దాటకండి. తగ్గకపోతే డాక్టరును అడిగి విరేచనానికి మందు తీసుకోండి. దీనికోసం సిగరెట్ అంటించవలసిన పని లేదు.

భోజనం తరవాత కోరిక లేచినప్పుడు విస్తరి ముందు కూర్చోకండి, వెంటనే లేచి చేయి కడుక్కుని సోంపో, ఏలక్కాయో, లవంగమో నోట్లో వేసుకోండి. వక్కపొడి వద్దు. కోరిక ఎంత బలంగా లేచినా చాలావరకు ఐదు నిమిషాల్లో దిగిపోతుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరికైనా ఫోన్ చేసినా గడిచిపోతాయి. మందు పార్టీలకు మొదటి రెండు మూడు నెలలు వెళ్ళకపోవడమే మంచిది. రెండో గ్లాసు దగ్గర కూలినన్ని నిర్ణయాలు ఇంకెక్కడా కూలవు.

బరువు పెరుగుతుంది, సగటున ఏడాదిలో నాలుగైదు కిలోలు. డాక్టరు చెప్పిన నడకతో కొంత ఆపవచ్చు, ఆగకపోయినా మానడం వల్ల వచ్చే లాభం దానికంటే ఎంతో ఎక్కువ. కొన్నాళ్ళు దగ్గు ఎక్కువైనట్టు ఉండవచ్చు. వారాల తరబడి ఏ పని మీదా ఆసక్తి లేక, ఊరికే ఏడుపు వస్తూ, నిద్ర లేకుండా గడుస్తుంటే దాన్ని సిగరెట్ మీదికి నెట్టకండి. గుండెపోటు వచ్చిన ఐదుగురిలో దాదాపు ఒకరికి తీవ్రమైన కుంగుబాటు ఉంటుంది. దానికి మంచి వైద్యం ఉంది, అడిగితేనే అందుతుంది.

ఇంట్లోవాళ్ళతో నాదొక విన్నపం. చొక్కా వాసన చూడకండి. "ఏమండీ, మళ్ళీ కాల్చారు కదూ?" అన్న ప్రశ్న మనిషిని అబద్ధానికే తోస్తుంది. దాక్కుని కాల్చేవాడికి సాయం అందించే మార్గం ఉండదు. "ఇవాళ ఏ సమయంలో కష్టంగా అనిపించింది?" అని అడగండి, నిజం చెబితే కోప్పడకండి. ఇంట్లో కొడుకు కాలుస్తుంటే ఆ పొగ తండ్రి గుండెకూ తగులుతుంది. ఎప్పుడూ కాల్చనివాళ్ళకు కూడా పక్కవాళ్ళ పొగ గుండెజబ్బు ముప్పును పాతిక శాతానికి పైగా పెంచుతుంది. నాన్నకు చెప్పే ముందు ఆ అబ్బాయి తన పెట్టె బయట పారేయాలి. ఇద్దరూ ఒకే రోజు మానితే ఇంకా మంచిది.

ఇంత చేసినా ఒక రోజు తూలుతారనుకోండి. ఏదో పెళ్ళిలోనో, చావు ఇంట్లోనో ఒకటి కాల్చేశారు. "అయిపోయింది, ఇక మానడం నా వల్ల కాదు" అనే ఆలోచన ఆ ఒక్క సిగరెట్ కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. రేపటి నుంచి రోజుకు ఒక్కటి అనే పాత బేరం మళ్ళీ ఆ తలుపు గుండానే వస్తుంది. మిగిలిన పెట్టెను అక్కడే నీళ్ళలో పారేయండి. ఎవరున్నారు, ఏం జరిగింది, చేతిలోకి ఎలా వచ్చిందన్నది ఒక కాగితం మీద రాసుకోండి, అలాంటి చోటికి తరవాతి సారి వెళ్ళే ముందు గమ్ జేబులో ఉండాలి. మాత్రలు మాత్రం యథావిధిగా వేసుకోవాలి, కాల్చాను కదా అని ఆపకూడదు. తరవాతి చెకప్‌లో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, దాన్ని బట్టి మందు మార్చవచ్చు. ఆ రోజే మాట్లాడడానికి ఎవరూ లేకపోతే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. ఖర్చు ఉండదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు సిగరెట్ పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది. పెట్టె పారేసే ముందు దాన్ని ఫోన్‌లో ఎక్కించుకోండి.